మధ్యలో ఏమయ్యాడు? మార్ఫింగ్ వెనక ఒక ఆకలి బొమ్మ



మన అవ్వలు చెప్పే కథల్లో మనిషి పులి అయిపోతాడు. మధ్యలో ఏమయ్యాడో వాళ్లు చెప్పరు, మనం అడగం. కంప్యూటర్ బొమ్మల్లో ఆ మధ్యనే చూపిస్తారు. దాన్నే మార్ఫింగ్ అంటారు.

మార్ఫింగ్ అంటే మాకు, అదే హాస్టల్లో ఒక్క ఫోన్ చుట్టూ మూగే ఆరుగురికి, 1991లో వచ్చిన మైకేల్ జాక్సన్ 'బ్లాక్ ఆర్ వైట్' పాటే తెలుసు. చివర్లో ఒకరి ముఖం ఇంకొకరి ముఖంగా మారిపోతుంటుంది. అక్కడే మొదలైందనుకున్నాం. కాదంట.

అంతకు 17 ఏళ్ల ముందే, 1974లో, కెనడా జాతీయ ఫిల్మ్ బోర్డు నుంచి 'హంగర్' అనే చిన్న బొమ్మల సినిమా వచ్చింది. హంగర్ అంటే ఆకలి. తీసినాయన పీటర్ ఫోల్డెస్. కంప్యూటర్ పద్ధతి తయారుచేసింది అక్కడి జాతీయ పరిశోధనా మండలిలో పనిచేసే నెస్టర్ బర్ట్నిక్, మార్సెలీ వైన్.

పద్ధతి ఇదీ. కళాకారుడు మొదటి బొమ్మ, చివరి బొమ్మ గీస్తాడు. ఇందులోని ఏ గీత అందులో ఏ గీత అవ్వాలో జత కలుపుతాడు. మధ్య బొమ్మలు కంప్యూటర్ లెక్కగడుతుంది. ఒక చుక్క 10 దగ్గర బయల్దేరి 20కి చేరాలంటే సగం దారిలో 15 దగ్గరుంటుంది. అంతే, మన ఆరో తరగతి లెక్క! కానీ జత తప్పితే చెయ్యి పోయి చెవిలో కలుస్తుంది, గీతలన్నీ చిక్కుపడిపోతాయి. అందుకే అంతా కంప్యూటరే చేసిందంటే మేం ఒప్పుకోం. ఏది ఏమవ్వాలో చెప్పింది మనిషే.

జాక్సన్ పాటలోవి ఫోటో ముఖాలు కాబట్టి కష్టం ఇంకా ఎక్కువ. కళ్లకీ ముక్కుకీ నోటికీ జతలు పెట్టి, రెండు ముఖాల్నీ ఒకదానివైపు ఒకటి సాగదీస్తూ, ఒకటి మెల్లగా మాయమయ్యేలా, ఇంకోటి తేలేలా చేశారు.

ఇక 'హంగర్' కథ. ఒకాయన తింటాడు. ఇంకా తింటాడు. ఒళ్లు ఉబ్బి, మనిషి రూపమే పోయేదాకా తింటూనే ఉంటాడు. చివరికి ఆకలితో మాడిపోయిన జనం వచ్చి ఆయన్నే తినేస్తారు. మేం అది చూసిన రాత్రి మెస్‌లో పప్పు ముందే అయిపోయింది. లేటుగా వచ్చిన ఇద్దరు తమ్ముళ్లు ఉత్తన్నం తిని వచ్చి మా పక్కనే కూర్చున్నారు. సినిమా అయ్యాక ఎవరం ఏమీ మాట్లాడలేదు.

దానికి కాన్స్‌లో జ్యూరీ బహుమతి వచ్చింది, ఆస్కార్‌కి నామినేట్ అయింది. బర్ట్నిక్, వైన్‌లకి ఆస్కార్ అకాడమీ సాంకేతిక పురస్కారం మాత్రం 1997లో గానీ రాలేదు. ఫోల్డెస్ 1977లోనే పోయాడు.

సినిమా 11 నిమిషాలే. మాటలుండవు, ఇంగ్లీషు రాకపోయినా అర్థమవుతుంది. చూసి కామెంట్లో రాయండి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ.