కథలో మాటల ఎంపిక: కృష్ణా డెల్టా చరిత్ర

భార్య, ఇల్లాలు, పెళ్లాం, సతి, ఆలు. ఈ మాటలన్నీ ఒకరినే సూచిస్తాయి. కథలో ఏ మాట ఎక్కడ వాడాలి? ఈ ప్రశ్నకు తెలుగు రచయితలు ఒక్కో కాలంలో ఒక్కో జవాబు ఇచ్చారు. ఆ మార్పును కృష్ణా డెల్టా ఆధారంగా ఈ భాగంలో పరిశీలిద్దాం.

పర్యాయపదాల కాలం

పందొమ్మిదో శతాబ్దపు తెలుగు వచనానికి చిన్నయసూరి 'నీతిచంద్రిక' (1853) ఒరవడి. పునరుక్తిని దోషంగా ఎంచే సంప్రదాయం అది. చెప్పిన మాట మళ్లీ రాకుండా పర్యాయపదం వేయడం నేర్పు అనిపించుకునేది. మాట మారేది ఇంపు కోసమే గాని, మాట్లాడే మనిషిని బట్టి కాదు.

బందరులో మలుపు

1910 ఫిబ్రవరిలో మచిలీపట్నం నుంచి వెలువడే 'ఆంధ్ర భారతి' పత్రిక గురజాడ అప్పారావు కథ 'దిద్దుబాటు'ను ప్రచురించింది. అందులో చదువుకున్న గోపాలరావు మాట వేరు, నౌకరు రాముడి మాట వేరు. ఇద్దరి మాటల్లోని తేడాయే వారి స్థానాల్లోని తేడాను చూపుతుంది. 1922లో వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' దళిత కుటుంబాన్ని కథకు కేంద్రం చేసి, వాడుక మాటను నవలలోకి తెచ్చింది. మద్రాసు ప్రభుత్వం ఆ నవలను నిషేధించింది. అయితే మార్పు ఒక్కసారిగా రాలేదు. విజయవాడ కళాశాలలో పనిచేసిన విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు'లో గ్రాంథిక ఛాయ కనిపిస్తుంది. అంగలూరులో పుట్టిన గోపీచంద్ వాడుక భాషలో నవలలు రాశారు.

గెలిచిన భాష, మిగిలిన భాషలు

వాడుక భాష గెలిచింది. కాని ఎవరి వాడుక? విజయవాడ పత్రికలకు, పుస్తక ప్రచురణకు కేంద్రమైంది. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్నవారి మాట ప్రమాణంగా స్థిరపడింది. తక్కిన ప్రాంతాల మాటకు తరచుగా సంభాషణలోనే, అదీ నౌకర్లకో హాస్య పాత్రలకో, చోటు దక్కింది. డెల్టాలోనే పుట్టినా, కూలిజనం మాటకూ దాదాపు అదే గతి పట్టింది.

ఈ లోటును గుర్తించడానికి భాషా పరిశోధన తోడ్పడింది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటాన్ని వ్యవసాయ పదాలతో వెలువరించింది. పొలంలోని మాటలు ప్రాంతాన్ని బట్టి ఎలా మారుతాయో అది నమోదు చేసింది. తరువాతి కాలంలో చిత్తూరు ప్రాంతపు నామిని సుబ్రహ్మణ్యం నాయుడు వంటివారు సంభాషణనే కాక కథనాన్ని కూడా తమ ఊరి మాటలోనే నడిపారు.

సారాంశం

కోస్తాలో 'నాగలి' అనే పనిముట్టును రాయలసీమలో చాలాచోట్ల 'మడక' అంటారు. నిఘంటువులో ఇవి పర్యాయపదాలు. కథలో కావు. డెల్టా రైతు కథలో, 'నాగలి' రెండుసార్లు వచ్చిందని మూడోసారి 'మడక' అని రాస్తే ఆ రైతు ఊరే మారిపోతుంది. అదే విధంగా 'పెళ్లాం' అనే మనిషి నోట 'సతి' అని పలికిస్తే ఆ మనిషే మారిపోతాడు. కాబట్టి మాట మళ్లీ వచ్చిందా అన్నది రెండో ప్రశ్న. ఆ మాట ఎవరిది అన్నది మొదటి ప్రశ్న.

అభ్యాసం

మీ ఊరి రైతు, బడిపంతులు, కూలి మనిషి వానరాకను ఏయే మాటల్లో చెబుతారో విని రాయండి. వాటిలో ఏ మాటలు పాఠ్యపుస్తకాల్లో కనిపించవో గుర్తించి, కారణాలు చర్చించండి.