ఇంజను ఆయిలు (పాత మోటారుసైకిళ్లు)

ఇంజనులో కదిలే భాగాలు ఒరుసుకుని అరిగిపోకుండా, వేడెక్కి పట్టేయకుండా కాపాడే కందెన ఇంజను ఆయిలు. పాత బండికి ఏ ఆయిలు పోయాలన్నది మూడు సంగతులను బట్టి తేలుతుంది: ఇంజను కట్టడి, ఊరి ఎండ, ఆయిలులో కలిపిన రసాయనాలు. తెలుగునాట ఈ ప్రశ్న ఎక్కువగా పోత ఇనుము ఇంజను బుల్లెట్ల గురించి, కొంతవరకు జావా, రాజ్‌దూత్ వంటి టూ స్ట్రోక్ బళ్ల గురించి వస్తుంది.

ఆముదపు కాలం

ఎడ్లబండి ఇరుసుకు పూసే కందెనను పల్లెల్లో ఆముదంలో గడ్డి మసి కలిపి ఇంటిపట్టునే చేసుకునేవారు. తొలి మోటారు ఇంజన్లకూ ఆముదం బాగా పనికొచ్చింది. చార్లెస్ వేక్‌ఫీల్డ్ 1899లో లండన్‌లో స్థాపించిన కంపెనీ, ఆముదం కలిపిన ఆయిలును 1909లో క్యాస్ట్రాల్ పేరుతో అమ్మకానికి తెచ్చింది. ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న క్యాస్టర్ అనే మాట నుంచే ఆ పేరు పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల రోటరీ ఇంజన్లు ఆముదం మీదే తిరిగాయి. ఎంత వేడిలోనూ లోహాన్ని వదలకపోవడం ఆముదం గుణం, కాలేకొద్దీ బంకలా గట్టిపడి రింగులను పట్టేయడం దాని దోషం. ఈ దోషం వల్ల మామూలు బళ్లలో దాని చోటును ఖనిజ తైలం ఆక్రమించింది.

గ్రేడు అంకెలు

అమెరికాలోని ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం (ఎస్‌ఏఈ) 1911లో ఆయిళ్లను చిక్కదనాన్ని బట్టి వర్గీకరించింది. ఒకే ఆయిలు చలికీ వేడికీ సరిపోయేలా చేసిన మల్టీగ్రేడ్‌లు 1950లలో వాడుకలోకి వచ్చాయి. 20డబ్ల్యూ-50 అన్నప్పుడు డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిలు ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. వెనకున్న అంకె వేడెక్కాక దాని చిక్కదనాన్ని చెబుతుంది. 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర 40 గ్రేడు చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్‌ల మధ్య, 50 గ్రేడు 16.3 నుంచి 21.9 మధ్య ఉండాలి.

బుల్లెట్

మద్రాస్ మోటార్స్ 1949 నుంచి రాయల్ ఎన్‌ఫీల్డ్ బళ్లను దిగుమతి చేసుకుని అమ్మేది. 1955లో ఇంగ్లండులోని రెడ్డిచ్ ఊరి రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించి, 1956లో మద్రాసు దగ్గరి తిరువొత్తియూరులో బుల్లెట్ 350 తయారీ మొదలుపెట్టింది. 1962 నాటికి విడిభాగాలన్నీ ఇక్కడే తయారయ్యాయి. ఆ దిట్టమైన పోత ఇనుము ఇంజను చిన్న మార్పులతో అర్ధ శతాబ్దం పైగా సాగింది.

ఆయిలు ఎంపికకు ఈ ఇంజను కట్టడే ఆధారం. ఇది డ్రై సంప్ ఇంజను. సుమారు రెండుంపావు లీటర్ల ఆయిలు క్రాంక్‌కేస్ పోతలోనే కట్టిన విడి అరలో ఉంటుంది. ఒక పంపు ఆ అరలోంచి ఆయిలును ఇంజనులోకి పంపితే, రెండోది వెనక్కి తోడుతుంది. కనెక్టింగ్ రాడ్ కింది చివర, చాలా ఏళ్లపాటు రోలర్ బేరింగు బదులు తేలియాడే బుష్ వాడారు. ఆ బుష్ ఆయిలు పొర మీదే బతకాలి. అందుకే పలచటి ఆయిలు దానికి సరిపడదు, 20డబ్ల్యూ-50 ఖనిజ తైలం సరిపోతుంది.

పాత బుల్లెట్‌లో ఇంజనుకూ, ప్రైమరీ చైను కేసుకూ, గేరుబాక్సుకూ వేర్వేరు కందెనలు. క్లచ్ ఉండేది చైను కేసులో. కాబట్టి ఇంజనులో ఏ ఆయిలు పోసినా క్లచ్ జారదు. క్లచ్ జారకుండా ఉండాలని జపాన్ వాహన ప్రమాణాల సంస్థ 1990ల చివర తెచ్చిన జాసో ఎంఏ గుర్తు, ఇంజనూ క్లచ్చూ ఒకే ఆయిలులో తడిసే బళ్లకే ముఖ్యం. 2008లో మొదలైన రాయల్ ఎన్‌ఫీల్డ్ యూసీఈ (యూనిట్ కన్‌స్ట్రక్షన్) ఇంజను అలాంటిదే.

బండి కొన్ని రోజులు కదలకుండా ఉంటే ఆయిలు పంపు సందుల్లోంచి క్రాంక్‌కేస్‌లోకి జారుతుంది. అప్పుడు కొలబద్ద తీసి చూస్తే మట్టం తక్కువగా కనిపిస్తుంది. తక్కువైందనుకుని పైన పోస్తే, ఇంజను తిరగగానే ఎక్కువైన ఆయిలు బ్రీదర్ గొట్టంలోంచి బయటికి చిమ్ముతుంది. ఇంజనును కొన్ని నిమిషాలు తిప్పి, ఆపి చూసిన మట్టమే నమ్మదగినది. ఆయిలు వడపోసే ఫెల్ట్ ఫిల్టరును కిరసనాయిలులో కడిగి మళ్లీ బిగించడం షెడ్లలో ఉన్న అలవాటే కానీ, కొత్తది వేయడం మేలు.

రెండు స్ట్రోకుల బళ్లు

మైసూరులో తయారైన జావా, యెజ్డీ బళ్లకూ రాజ్‌దూత్‌కూ పెట్రోలులోనే టూటీ ఆయిలు కలపాలి. 1985లో వచ్చిన యమహా ఆర్ఎక్స్100 విడి ట్యాంకు నుంచి పంపుతో ఆయిలు తీసుకునేది.

జింకు వివాదం

బుల్లెట్ క్యామ్‌ల మీద టాపెట్లు రాసుకుంటూ తిరుగుతాయి. ఆ ఒరిపిడిని తట్టుకోవడానికి ఆయిలులో జింకు, ఫాస్ఫరస్ కలిసిన జెడ్‌డీడీపీ అనే రసాయనం వేస్తారు. ఫాస్ఫరస్ కార్ల పొగగొట్టాల్లోని క్యాటలిటిక్ కన్వర్టర్లను పాడుచేస్తుందని 2004 నాటి అమెరికా పెట్రోలియం సంస్థ (ఏపీఐ) ఎస్‌ఎం ప్రమాణం పలచటి గ్రేడులలో దాన్ని 0.08 శాతానికి పరిమితం చేసింది. 20డబ్ల్యూ-50కి ఆ పరిమితి వర్తించదు. జింకు కోసం కొందరు డీజిల్ లారీల 15డబ్ల్యూ-40 ఆయిలు వాడతారు.

గరివిడి పరిసరాలు

ఊరి ఎండను బట్టి ఆయిలు ఎంచుకోవడానికి విజయనగరం జిల్లా గరివిడి ఒక ఉదాహరణ. మాంగనీసు గనుల మధ్య ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారంతో పెరిగిన ఊరు ఇది. 20డబ్ల్యూ గ్రేడు చలి పరీక్ష సున్నాకు 15 డిగ్రీల దిగువన జరుగుతుంది. పుష్యమాసపు తెల్లవారుజామునైనా ఈ నేలకు అంత చలి రాదు. కాబట్టి డబ్ల్యూ ముందు అంకె ఇంకా తగ్గాలని వెతకనక్కర్లేదు, వెనక అంకె వేసవి ఎండను తట్టుకుంటే చాలు. గనుల దారుల దుమ్ములో తిరిగే బండికి గాలి ఫిల్టరు శుభ్రంగా ఉండాలి, ఆయిలు మార్చే గడువు తగ్గించాలి.

ఆయిలు నల్లబడితే చెడినట్టు కాదు, మసిని తనలో కలుపుకుని పనిచేస్తోందని అర్థం. దించిన ఆయిలును రెండు వేళ్ల మధ్య రుద్దినప్పుడు ఇసుకలా తగిలినా, లోహపు తళుకులు కనబడినా ఇంజను విప్పాలి. ఖరీదైన డబ్బా కొని గడువు దాటించే బండి కంటే, మామూలు 20డబ్ల్యూ-50 పోసి వేళకు మార్చే బండి ఎక్కువ కాలం నడుస్తుంది.