బయటి ఒత్తిడికి అణచివేత సర్కార్లు దిగొస్తాయా? దక్షిణాఫ్రికాలో ఏం జరిగిందంటే..

ప్రభుత్వమే సొంత జనాన్ని అణచివేస్తుంటే బయటి దేశాల వాళ్లు ఏమైనా చేయగలరా? మయన్మార్ అయినా, ఇరాన్ అయినా ఇదే ప్రశ్న. మొదటి నుంచి చివరి దాకా చూడగలిగిన కేసు ఒకటుంది.. దక్షిణాఫ్రికా.

అక్కడ 1948 నుంచి వర్ణవివక్షే ప్రభుత్వ విధానం. నల్లజాతి వారు ఎక్కడ ఉండాలో, ఏ బడిలో చదవాలో కూడా చట్టమే చెప్పేది. అంతకు ముందే, 1946లో అక్కడి భారతీయుల భూమి హక్కులకు కోత పెట్టారని ఇండియా ఆ దేశంతో వ్యాపారం ఆపేసింది. అలా చేసిన మొదటి దేశం మనదే. అప్పటికి మనకే స్వాతంత్ర్యం రాలేదు!

ఈ పోరాటంలో ఓ తెలుగాయన పాత్ర చాలా పెద్దది. ఆయన గూడూరు దగ్గరి పల్లెలో పుట్టిన ఈఎస్ రెడ్డి. 1963 నుంచి ఐక్యరాజ్యసమితిలో వర్ణవివక్ష వ్యతిరేక కమిటీ పనులు చూశారు. 1965లో వచ్చిన ఐరాస ట్రస్ట్ ఫండ్ వెనక ఆయన కృషి ఉంది. కేసుల్లో ఇరుక్కున్న ఉద్యమకారులకు లాయర్ల ఖర్చు, జైల్లో ఉన్నవాళ్ల కుటుంబాలకు ఆసరా.. దీని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు కానీ, సాయం నేరుగా ఇంటికే చేరింది.

ఆయుధాల నిషేధం 1977లో వచ్చింది. దక్షిణాఫ్రికా సొంతంగా ఆయుధాలు తయారు చేసుకుంది. అసలు దెబ్బ డబ్బు దగ్గర తగిలింది. 1985లో చేజ్ మాన్‌హాటన్ బ్యాంక్ అప్పులు పొడిగించేది లేదంది. మిగతా బ్యాంకులూ అదే దారి పట్టాయి. కరెన్సీ పడిపోయింది, అప్పుల చెల్లింపు ఆపేయాల్సి వచ్చింది. అప్పటికే లోపల ఊళ్లు భగ్గుమంటున్నాయి, కార్మిక సంఘాలు సమ్మెలు చేస్తున్నాయి. అది లేకుంటే బ్యాంకులు భయపడేవే కావు. 1986లో అమెరికా ఆంక్షల చట్టాన్ని రీగన్ వీటో చేసినా కాంగ్రెస్ లెక్కచేయలేదు.

ఆంక్షలు పేదలకే నష్టం అన్నది రీగన్, థాచర్‌ల వాదన. ఇరాక్‌లో అదే జరిగింది. 1990 నుంచి జనం మందులకూ అల్లాడారు, సద్దాం మాత్రం 2003లో అమెరికా దాడి చేసేదాకా కుర్చీ దిగలేదు. దక్షిణాఫ్రికాలో తేడా ఒక్కటే.. బహిష్కరించమని అడిగింది అక్కడి వాళ్లే. కష్టం తమకూ తగులుతుందని తెలిసే 1959లో ఆల్బర్ట్ లుథూలీ లాంటి నేతలు ఆ పిలుపిచ్చారు.

1990 ఫిబ్రవరి 11న మండేలా విడుదలయ్యారు. అందరూ ఓటేసిన తొలి ఎన్నికలు 1994 ఏప్రిల్‌లో జరిగాయి. ఇండియా వ్యాపారం ఆపేసిన నాటి నుంచి లెక్కేస్తే 48 ఏళ్లు.