హిసాబ్ అడిగిన కౌన్సిలర్

2017 జూన్ 14. రంజాన్ నెల. లండన్‌లో 24 అంతస్తుల గ్రెన్‌ఫెల్ టవర్‌కి అర్ధరాత్రి దాటాక నిప్పంటుకుంది. సెహ్రీ కోసం మేలుకొని ఉన్నవాళ్లు పొరుగువాళ్ల తలుపులు కొట్టి లేపారు. అయినా 72 జానాలు పోయాయి. వాళ్లలో మన ఖౌమ్ వాళ్లు ఎందరో.

ఆ హాద్సాకి ఏడాదిన్నర ముందు ఒక ఫరియాద్ నడిచింది. టవర్ కెన్సింగ్టన్ అండ్ చెల్సీ కౌన్సిల్‌ది. దాని ఇంతెజామ్ మాత్రం కౌన్సిల్ ఒక వేరే సంస్థకు అప్పగించింది. మరమ్మతు పనులు సరిగ్గా లేవనీ, సిబ్బంది తీరు బాగోలేదనీ కిరాయిదారులు దస్తఖత్‌లు చేసి స్వతంత్ర విచారణ కోరారు. 2015 డిసెంబర్‌లో ఆ కాగితాన్ని కౌన్సిల్ ముందు పెట్టింది స్థానిక కౌన్సిలర్ జుడిత్ బ్లేక్‌మన్. ఆ సంస్థ బోర్డులో ఆమె కూడా ఒక మెంబరే. అయినా హిసాబ్ అడిగారు.

స్వతంత్ర విచారణ జరగలేదు. సంస్థ తన పనిని తానే తనిఖీ చేసుకుంది. ముల్జిమూ తానే, మున్సిఫూ తానే!

ఆ రోజు విచారణ జరిగి ఉంటే మంటలు ఆగేవని ఎవరూ కసమ్ తిని చెప్పలేరు. కానీ 2024లో వచ్చిన ప్రభుత్వ విచారణ నివేదిక ఆ మరణాలన్నీ తప్పించగలిగినవేనని తేల్చింది.

ఇల్లు అమానత్. దాని జిమ్మేదారీ మోసేవాళ్లని ప్రశ్నించే హక్కు అందులో ఉండేవాళ్లది. ఆ సవాల్‌ని ఆఫీసు దాకా మోసుకెళ్లేవాళ్లు కావాలి. అక్కడ వినేవాళ్లూ కావాలి.