ఉమ్మడి పాలమూరులో కదిలే బొమ్మ: ‘ఏక్ అనేక్ ఔర్ ఏకతా’, ఉపగ్రహ ప్రసారం (1974–76)

తెలుగునాట టెలివిజన్ చరిత్రను 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ఆరంభమైన నాటినుంచి లెక్కించడం పరిపాటి. నేటి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల విషయంలో ఈ లెక్క కుదరదు. 2016 అక్టోబరు వరకు ఈ మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలో భాగాలు. ఆ జిల్లాలో ఎంపికైన గ్రామాలకు రాజధాని కేంద్రం తెరుచుకోవడానికి రెండేళ్ళ ముందే టెలివిజన్ చేరింది. కదిలే బొమ్మల చిత్రం ఈ ప్రాంతపు పిల్లల ఊహలోకి ప్రవేశించిన తీరును పరిశీలించడానికి ఇదే సరైన ప్రారంభం.

అంతకుముందు యానిమేషన్‌కు దారి సినిమాహాలే. ఫిల్మ్స్ డివిజన్ కార్టూన్ విభాగం డిస్నీ చిత్రకారుడు క్లెయిర్ వీక్స్ శిక్షణలో రూపొందించిన ‘ద బన్యన్ డీర్’ (1957) ఒక జాతకకథకు చిత్రరూపం. అటువంటి లఘుచిత్రాలు ప్రధాన చిత్రానికి ముందు వచ్చిపోయేవి. హాలు లేని ఊరికి అవీ లేవు.

1975 ఆగస్టు 1న ఆరంభమైన ‘సైట్’ ఉపగ్రహ విద్యాప్రసార ప్రయోగం ఈ స్థితిని ఒక్క ఏడాదిపాటు తలకిందులు చేసింది. అమెరికా ఉపగ్రహం ఏ.టి.ఎస్.–6 ద్వారా ఆరు రాష్ట్రాల్లోని ఇరవై జిల్లాల్లో సుమారు 2,400 గ్రామాలకు ప్రసారాలు అందాయి. ఆంధ్రప్రదేశ్‌లో హైదరాబాదు, మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాలు ఎంపికయ్యాయి. తుంగభద్రకు ఆవల కర్నూలు, పడమట కన్నడసీమలోని రాయచూరు కూడా ఇదే ప్రయోగంలో ఉండటంతో కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల నడిగడ్డ ఈ ప్రసారమండలానికి మధ్యన నిలిచింది. ఒకే దృశ్యానికి రెండు భాషల ధ్వనిని జోడించగల వీలు ఆ ఉపగ్రహంలో ఉంది. ఉదయం పూట బడిపిల్లలకు, సాయంత్రం ఊరందరికీ కార్యక్రమాలు వచ్చేవి. కోళ్ళగూటికి వాడే వలలాంటి తీగజాలంతో చేసిన పదడుగుల యాంటెన్నా వాటిని అందుకునేది.

ఈ ప్రయోగంలో పిల్లల కార్యక్రమాల రూపకల్పనకు పూనుకున్నవారిలో ప్రముఖురాలు విజయా మూలే. అంతకు ఏడాది ముందు ఆమె ఫిల్మ్స్ డివిజన్ కోసం తీసిన ‘ఏక్ అనేక్ ఔర్ ఏకతా’ (1974) ఏడు నిమిషాల చిత్రం. బొమ్మలు భీమ్‌సేన్‌వి, సంగీతం వసంత్ దేశాయ్‌ది. ఉత్తమ విద్యాచిత్రంగా జాతీయ పురస్కారం పొంది, తరువాతి దశకాల్లో దూరదర్శన్‌లో పదేపదే ప్రసారమైంది. ఒకటి, అనేకం అనే లెక్కతో మొదలై కథలోకి వెళ్ళడం ఇందులోని నేర్పు. వలలో చిక్కిన పక్షులు కలిసికట్టుగా వలతో సహా ఎగిరిపోతాయి. ఎలుకలు వల కొరికి వాటిని విడిపిస్తాయి.

తెలుగు పాఠకులకు ఇది కొత్త కథ కాదు. చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ (1853) మిత్రలాభంలోని చిత్రగ్రీవుని వృత్తాంతమే. అయితే మార్పు గమనించదగినది. అక్కడ చిత్రగ్రీవుడు కపోతరాజు. హిరణ్యకుడు తన బంధాలనే ముందుగా కొరకబోతే వారించి, ఆశ్రితుల బంధాలను ముందు తెంపమంటాడు. నీతి రాజధర్మానిది. చిత్రంలో రాజు లేడు. ఎలుక కూడా ఒకటి కాదు, అనేకం. ప్రభువు ఔదార్యం స్థానంలో సమూహబలం వచ్చింది. గద్వాల, వనపర్తి రెండూ సంస్థానాల రాజధానులు. వాటి సాహిత్యకీర్తి ప్రభుపోషణతో పెనవేసుకున్నది. ఆ నేపథ్యంలో రాజులేని మిత్రలాభం వట్టి సరళీకరణ కాదు, పాత నీతికథకు గణతంత్ర పాఠాంతరం.

‘ఏకత’ అన్న మాట మాత్రం ఈ నేలపై అంత నిరపాయంగా వినిపించదు. 1969 తెలంగాణ ఉద్యమం, 1972–73 జై ఆంధ్ర ఉద్యమం గడిచి ఎంతో కాలం కాలేదు. ‘సైట్’ మొదలయ్యేనాటికి దేశంలో అత్యవసర పరిస్థితి అమల్లో ఉంది. చిత్రం చెప్పే ఐక్యత పిల్లలు ఇష్టపూర్వకంగా చేతులు కలపడం. ఆనాటి రాజ్యం కోరిన ఐక్యత విధేయత. ఆ చిత్రాన్ని ప్రభుత్వ ప్రచారమని తోసిపుచ్చే విమర్శ ఈ తేడాను చూడదు.

‘సైట్’ ఫలితాలను మదింపు చేసినవారు బడి మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా గుర్తించలేదు. భాషాసామర్థ్యంలో, నేర్చుకోవాలన్న ఆసక్తిలో మెరుగుదల గుర్తించారు. మార్కులనే కొలమానంగా తీసుకుంటే ఈ ప్రయోగం చరిత్రలో అధోజ్ఞాపికగా మిగులుతుంది. 1976 జూలై 31తో ప్రసారాలు ఆగాయి.

నాడు అయిదు నుంచి పన్నెండేళ్ళ వయసున్న ప్రేక్షకుల్లో పెద్దవారు ఇప్పుడు అరవై దాటారు. మౌఖిక చరిత్రకు ఇంకా వ్యవధి ఉంది, కానీ ఎక్కువ లేదు. వారిని అడగవలసినవి కార్యక్రమాల పేర్లు మాత్రమే కాదు. పెట్టె ఏ భవనంలో ఉండేది, తాళంచెవి ఎవరి దగ్గర ఉండేది, తెర ముందు ఏ వాడ పిల్లలు ఎక్కడ కూర్చున్నారు, ఆడపిల్లలు సాయంత్రం ప్రసారానికి వచ్చేవారా అన్నవి ముందుగా నమోదు కావాలి.