సభ్యుడంటే ఎవరు?

కుటుంబ సభ్యులు, సంఘ సభ్యులు, సభ్యత్వ రుసుం, పార్లమెంటు సభ్యుడు. ఇంతగా అరిగిపోయిన మాట తెలుగులో మరొకటి ఉండదేమో. జాబితాలో పేరుంటే చాలు, సభ్యుడే. కానీ ఈ మాట పుట్టినప్పుడు ఇంత చవకగా లేదు.

పాణిని ‘సభ’ శబ్దానికి ‘య’ ప్రత్యయం చేర్చి ‘సభ్య’ను సాధించాడు. ఏ అర్థంలో చేర్చాడన్నదే అసలు సంగతి. సభకు చెందినవాడని కాదు, సభలో కూర్చున్నవాడనీ కాదు. ఆ సూత్రం ‘తత్ర సాధుః’ అనే ప్రకరణంలో వస్తుంది. అంటే, అక్కడ సాధువైనవాడు. సాధువంటే ఇవాళ మనం అనుకునే మెతక మనిషి కాదు. ఆ పనిలో నేర్పరి, దానికి తగినవాడు అని వ్యాఖ్యాతలు చెప్పారు. కాబట్టి సభలో సమర్థుడైతేనే సభ్యుడు.

వేదంలో ఈ మాట రూపం ‘సభేయుడు’. దానికి పాణిని పక్కనే మరో సూత్రం చేశాడు. శుక్ల యజుర్వేదంలో దేశం బాగు కోరే ప్రార్థన ఒకటుంది. అందులో పాలిచ్చే ఆవు, బరువు లాగే ఎద్దు, వేగంగా పరుగెత్తే గుర్రం కావాలంటారు. అదే వరసలో సభేయుడైన యువకుడు పుట్టాలంటారు. దేన్ని అడిగినా దాని పనితో కలిపి అడిగిన ప్రార్థన అది. ఆవుకు పాలెలాగో, ఆ యువకుడికి సభలో యోగ్యత అలాగ.

ఇంగ్లీషు ‘మెంబర్’ పుట్టుక వేరు. లాటిన్‌లో దాని మూలానికి అర్థం అవయవం. ఒంటికి అంటిపెట్టుకుని ఉంటే చాలు, అది మెంబరే. మన ఊళ్లలో ‘వార్డు మెంబరు’ అన్నది బాగా నలిగిన మాట. దాన్ని తప్పు పట్టను. అయితే ‘సభ్యుడు’ అని రాసిన ప్రతిసారీ ఆ మనిషి మీద మరికాస్త బరువు పెడుతున్నామని గుర్తుంటే మంచిది.

అచ్చతెలుగులో సభకు దగ్గరగా ఉన్న మాట ‘కొలువు’. కొలుచు నుంచి వచ్చింది. కొలువులో రాజును కొలుస్తారు. సభలో నోరు విప్పి చెప్పాలి. ‘కొత్త లోక్‌సభ కొలువుదీరింది’ అని పత్రికలు రాస్తుంటాయి. వినడానికి సొంపుగానే ఉంటుంది గానీ నాకు రుచించదు. 1954 మే నెలలో ‘హౌస్ ఆఫ్ ది పీపుల్’కు ‘లోక్‌సభ’ అని పేరు పెట్టుకున్నాం. అక్కడ కొలిపించుకునే దొర లేడు.

ధర్మశాస్త్రాల్లో సభ్యుడు న్యాయసభలో కూర్చుని వ్యవహారం తేల్చేవాడు. మనువు మాట కటువుగా ఉంటుంది. సభకు వెళ్లకు, వెళ్తే న్యాయం చెప్పు, నోరు మెదపకపోయినా వంకరగా చెప్పినా పాపమే అన్నాడు. యాజ్ఞవల్క్యుడు పాపంతో ఆగలేదు. మమకారంతోనో లోభంతోనో భయంతోనో అడ్డదారి తొక్కిన సభ్యులకు, వివాదంలో ఓడినవాడు కట్టే జరిమానాకు రెట్టింపు విధించాడు. అదీ ఎవరికి వారికే, విడివిడిగా. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను 13వ శతాబ్దంలో కేతన ‘విజ్ఞానేశ్వరీయం’గా తెలుగు చేశాడు. ఆ శాస్త్రాలు సభలో పీటను పుట్టుకతో ముడిపెట్టాయన్నది నిజం. మన రాజ్యాంగం ఆ ముడి తెంచి ఓటుతో ముడివేసింది. అంతకంటే పెద్ద మేలు లేదు. అర్హత మారింది, పని మారలేదు.

ఆ న్యాయసభలోనే ‘ప్రాడ్వివాకుడు’ అని ఒకడుంటాడు. ప్రశ్న అడిగేవాడు, విచారించి చెప్పేవాడు అని ఆ పేరుకు విడమరుపు. అడగడం ముందు, చెప్పడం తర్వాత. ఇవాళ ఆ పని సాగుతున్నది పార్లమెంటు సంఘాల గదుల్లో. ప్రజాపద్దుల సంఘం 1921 నాటిది. శాఖలవారీ స్థాయీ సంఘాలు 1993లో 17 వచ్చాయి, ఇప్పుడు 24 ఉన్నాయి. ఒక్కోదానిలో 31 మంది, లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. మంత్రులకు చోటు లేదు. కెమెరాలు ఉండవు, గ్యాలరీ ఉండదు, పార్టీ విప్ కూడా అక్కడ నడవదు. ఎదురుగా శాఖ కార్యదర్శి, ఆయన వెనుక దస్త్రాలతో అధికారులు. పోయినేడు ఈ పద్దు కింద ఎంత ఇచ్చాం, ఎంత మిగిలింది, ఎందుకు మిగిలింది? ఇలాంటి ప్రశ్న అడగాలంటే ముందురోజు రాత్రి కాగితాలు చదివి ఉండాలి. రాతపూర్వకంగా పంపుతామని జవాబొస్తే, పంపిందీ లేనిదీ తర్వాతి సమావేశంలో మళ్లీ అడగాలి. ఇదంతా చేసినవాడికి చప్పట్లు ఉండవు. పాణిని చెప్పిన సాధుత్వం తేలేది అక్కడే.

నిండు సభలో ఆ సాధుత్వం ఎలా ఉంటుందో చూడాలంటే 1957 డిసెంబరు 16 నాటి లోక్‌సభ చర్చ చదవాలి. స్పీకరు తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. లేచి మాట్లాడినది రాయ్‌బరేలీ సభ్యుడు ఫిరోజ్ గాంధీ. అప్పటికి ఏడాది కిందటే పుట్టిన జీవిత బీమా సంస్థ, హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి చేతిలోని ఆరు కంపెనీల వాటాలను సుమారు కోటీ 24 లక్షల రూపాయలకు కొన్నది. బజారు ధరకంటే ఎక్కువ ఎందుకు ఇచ్చారు, సంస్థ పెట్టుబడుల సంఘాన్ని ఎందుకు అడగలేదు అన్నవి ఆయన ప్రశ్నలు. ఆయన పాలక పక్షం మనిషి, పైగా ప్రధానికి అల్లుడు. కౌరవ సభలో పెద్దలంతా మౌనంగా ఉన్నప్పుడు ద్రౌపది ప్రశ్నకు జవాబు చెప్పమని లేచిన వికర్ణుడూ దుర్యోధనుడి తమ్ముడే. వికర్ణుడి మాట ఆ సభలో చెల్లలేదు. ఫిరోజ్ మాట చెల్లింది. జస్టిస్ ఎం.సి. చాగ్లా బహిరంగ విచారణ జరిపాడు. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశాడు. సభలో మాట్లాడినదాన్ని పత్రికలు నిర్భయంగా అచ్చువేసుకునేందుకు 1956లో వచ్చిన చట్టం కూడా ఫిరోజ్ తెచ్చిన ప్రైవేటు బిల్లే.

‘సభ్య’ నుంచి పుట్టిన మరో రెండు మాటలు దారి తప్పాయి. ‘సభ్యత’ మర్యాదగా మిగిలింది, ‘అసభ్యం’ బూతుకు పర్యాయపదమైంది. దాంతో గొడవ చేయకుండా కూర్చుంటే సభ్యతే అనుకుంటున్నాం. పాత అర్థంలో చూస్తే, బడ్జెట్ పద్దులు చర్చ లేకుండా గిలెటిన్ కింద ఒక్క గుక్కలో ఆమోదం పొందుతుంటే పెదవి విప్పకపోవడమే అసభ్యం. 15వ లోక్‌సభలో నూటికి 71 బిల్లులు సంఘాల పరిశీలనకు వెళ్లాయి. 17వ లోక్‌సభకు వచ్చేసరికి అది 16కు పడిపోయింది. అడిగే గదికి పనే చేరకపోతే ఎంత నేర్పరి సభ్యుడైనా ఏం చేస్తాడు?

తప్పు సభ్యులదే కాదు, మనదీ ఉంది. ఎంపీ ఎదురుపడితే రైలు ఆపించమంటాం, సిఫారసు ఉత్తరం అడుగుతాం, పెళ్లికి రమ్మంటాం. ఏ స్థాయీ సంఘంలో ఉన్నారు, అక్కడ ఏం అడిగారు అని ఎన్నడూ అడగం. 1952 నుంచి లోక్‌సభలో ఎవరెవరు ఏం మాట్లాడారో పార్లమెంటు డిజిటల్ లైబ్రరీలో పేరు కొట్టి చూడవచ్చు, పైసా ఖర్చు లేదు. సంఘాల నివేదికలూ అక్కడే దొరుకుతాయి. మీ నియోజకవర్గం ఎంపీ పేరు వెతికి చదవండి. ఈసారి ఊరికొచ్చినప్పుడు, చదివినదాని మీద ఒక్క ప్రశ్న అడగండి.