నీళ్ళ బల్బు, ఇరవై నిమిషాల సినిమా

సంచిక కమిటీ వాళ్ళు ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువి కదప్పా, ఇంజనీరింగు మీద ఏదైనా రాయి" అన్నారు. ముప్పై ఏళ్ళుగా నేను చేసింది పంపులు, కవాటాలు. వాటి గురించి రాస్తే మా ఇంట్లో వాళ్ళు కూడా చదవరు. అందుకని నాకున్న ఇంకో పిచ్చి గురించి రాస్తున్నాను. దానికి పునాది పడింది మన కోసిగిలోనే, మనం ఏడో తరగతి చదివే రోజుల్లో.

ఊరి బయట డేరా వేసిన టూరింగ్ టాకీస్ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పొద్దుగూకగానే మైకులో పాట మొదలయ్యేది. నేల టికెట్టు తీసుకుని ఇసుక కుప్పగా పోసుకుని కూచునేవాళ్ళం, ముందున్నవాడి తల అడ్డం రాకుండా. సినిమా చూడటం ఒక ఎత్తు, మర్నాడు పొద్దున బడికి పోయే ముందు డేరా వెనక్కి పరుగెత్తడం ఇంకో ఎత్తు. రాత్రి రీలు తెగినప్పుడల్లా ఆపరేటరు చెడిపోయిన నాలుగు ఫ్రేములు కత్తిరించి, మిగతాది అతికించేవాడు. ఆ కత్తిరించిన ముక్కల కోసం మా పోటీ. "తాతా, ఒక్క తునక ఇయ్యి తాతా" అని వెంటపడేవాళ్ళం. ఎన్టీవోడి ముక్కకు అయిదు గోలీలు, కత్తియుద్ధం ముక్కకు మూడు, ఎవరో తెలియని ముసలాయన ముక్కకు ఒకటి.

మాడిపోయిన కరెంటు బల్బు వెనక మూతి జాగ్రత్తగా ఊడదీసి, లోపలి తీగలు పీకేసి నీళ్ళు పోస్తే అది మంచి భూతద్దం. తలుపులు మూసిన చీకటి గదిలోకి బయటినుంచి ఒకడు అద్దంతో ఎండ కొట్టాలి. ఆ వెలుగుకు ముక్కను తలకిందులుగా పట్టుకుని, ముందు బల్బు పెడితే గోడ మీద బొమ్మ. కదలదు, మాట్లాడదు. అయినా దాని మీద మేము కథంతా చెప్పుకునేవాళ్ళం. మూడు గంటల సినిమాకు మా దగ్గర ఉన్నది మూడు ఫ్రేములు. మిగతాది నోటితో పూరించడమే. సైన్సు సారు కటకాల పాఠం చెప్పినప్పుడు మా నలుగురికీ మొదటిసారే అర్థమైందంటే కారణం అదే.

ఇక అసలు సంగతి. 1998లో ఉద్యోగం మీద ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర ఎనిమిది నెలలు ఉన్నాను. పక్కనే డడ్లీ అనే ఊరు. అక్కడ డెరాన్ అని ఒక సినిమా అంగడి. సినిమా చూపించే అంగడి కాదు, సినిమాలు రీళ్ళుగా అమ్మే అంగడి. వీడియో క్యాసెట్లు, డీవీడీలు కాదు, నిజమైన ఫిల్ము. అరల నిండా అట్టపెట్టెలు. ఒక్కొక్క పెట్టె మన జొన్నరొట్టెలో సగం ఉంటుంది. నేను చేతికి తీసుకున్న మొదటిది 1931 నాటి 'డ్రాక్యులా'. పెద్ద సినిమాను కుదించి, ఒకే చిన్న రీలుకు ఎక్కించారు. వీటిని అక్కడ డైజెస్టులు అంటారు. అంటే ఇంట్లో చూసుకోవడానికి చేసిన సంక్షిప్త సినిమా. నిలబడ్డచోటే నీళ్ళ బల్బు గుర్తొచ్చింది. ఆ పెట్టె కొన్నాను. దాన్ని ఆడించే ప్రొజెక్టర్ కొన్నది నెల తరువాత. ముందు బండి చక్రం కొని, తరువాత ఎద్దుల్ని వెతికినట్టు.

ఈ డైజెస్టుల చరిత్ర నూరేళ్ళది. ఫ్రాన్సులోని పాథే సంస్థ 1922 చివరలో 'పాథే బేబీ' అనే చేతి ప్రొజెక్టర్‌ను బజారులోకి తెచ్చింది. ఫిల్ము వెడల్పు 9.5 మిల్లీమీటర్లు. మామూలు ఫిల్ముకు రంధ్రాలు అంచున ఉంటాయి. దీనికి ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య, నడిమిట్లో ఒక్కటే రంధ్రం. అంచున రంధ్రాలకు పోయే జాగా అంతా బొమ్మకే మిగిలింది. అంతకంటే నన్ను ముచ్చటపరిచింది వాళ్ళ పిసినారితనం. మూగ సినిమాల్లో మాటలు అక్షరాలుగా తెర మీద పడాలి కదా, దానికి బోలెడు ఫిల్ము ఖర్చు. వీళ్ళు అక్షరాల ఫ్రేము పక్కన అంచుకు చిన్న గాటు పెట్టారు. ఆ గాటు తగలగానే ప్రొజెక్టర్ బొమ్మను కొన్ని క్షణాలు ఆపి, మళ్ళీ కదిలిస్తుంది. వంద ఫ్రేముల పని ఒకటి రెండు ఫ్రేములతో అయిపోయింది. ఎవరో నాలాంటి మెకానికల్ వాడి బుర్ర అది.

మరుసటి ఏడాది కొడాక్ 16 మిల్లీమీటర్ల ఫిల్మును, 1932లో 8 మిల్లీమీటర్ల దాన్ని, 1965లో సూపర్ 8ను తెచ్చింది. అమెరికాలో యూజీన్ కాజిల్ అనే ఆయన 1937 నుంచి ఇళ్ళకు సినిమాలు అమ్మడం మొదలుపెట్టాడు. ఆ ఏడాది మే నెలలో హిండెన్‌బర్గ్ అనే పెద్ద గాలి ఓడ తగలబడింది. ఆ దృశ్యాన్ని చిన్న రీలుగా చేసి అమ్మాడు. తరువాతి కాలంలో కాజిల్ కంపెనీ యూనివర్సల్ చేతికి పోయింది. దాంతో ఆ సంస్థ దయ్యాల సినిమాలు ఎన్నో డైజెస్టులయ్యాయి. 1977లో 'స్టార్ వార్స్' వస్తే దానికీ కెన్ ఫిల్మ్స్ వాళ్ళ డైజెస్టు వచ్చింది. అప్పటికి ఇళ్ళల్లో ఆ సినిమా చూసే దారి ఇంకొకటి లేదు. ఆ తరువాత వీడియో వచ్చి ఈ వ్యాపారాన్ని మింగేసింది. డడ్లీ అంగడి మాత్రం 2011 దాకా నిలబడింది.

ఎంత కుదిస్తారో లెక్క చెబుతాను, ఇంజనీరుకు ఇంతైనా స్వేచ్ఛ ఇవ్వండి. సెకనుకు 24 ఫ్రేములు. మూడు గంటల సినిమా అంటే 2,59,200 ఫ్రేములు. థియేటరు ఫిల్ములో అది 16,200 అడుగులు. సూపర్ 8 ఫిల్ములో అడుగుకు 72 ఫ్రేములు, కాబట్టి 400 అడుగుల రీలు సరిగ్గా ఇరవై నిమిషాలు, 200 అడుగులదైతే పది. అంటే మన పాత సినిమాను అలా కుదించాలంటే తొమ్మిదింట ఒక వంతు ఉంచి ఎనిమిది వంతులు పారేయాలి. ఏది ఉంచాలి? ఇదే ఆ ఎడిటర్ల పరీక్ష. నా దగ్గరున్న వాటిలో కొన్ని అడ్డంగా నరికినవే. హీరో ఎవరో తెలియకముందే కథ అయిపోతుంది. కొన్ని మాత్రం అసలు సినిమాకంటే బాగుంటాయి. ఈ మాట పెద్ద దర్శకుల అభిమానులకు కోపం తెప్పిస్తుంది కానీ, నా అభిప్రాయం అదే.

ఇవి ఆటబొమ్మల కింద అమ్ముడైన సరుకు. చరిత్రకు పనికొస్తాయని ఎవరూ అనుకోలేదు. 1954లో ఇంగ్లండులో కెవిన్ బ్రౌన్లో అనే బడిపిల్లవాడికి 'నెపోలియన్' సినిమా 9.5 మిల్లీమీటర్ల రీళ్ళు రెండు దొరికాయి. 1927లో ఆబెల్ గాన్స్ తీసిన మహా చిత్రం అది. ముక్కలు చెక్కలై, జనం మరిచిపోయి ఉంది. ఆ రెండు రీళ్ళు చూసి పిల్లవాడికి మతి పోయింది. మిగతా సినిమా ఎక్కడుందని వెతకడం మొదలుపెట్టాడు. పాతికేళ్ళు వెతికాడు. 1979లో అమెరికాలోని టెల్యురైడ్ ఉత్సవంలో ఆయన పేర్చిన 'నెపోలియన్'ను ఆరుబయట వేశారు. గాన్స్ అప్పటికి బతికే ఉన్నాడు, 89 ఏళ్ళు, తన సినిమా మళ్ళీ చూసుకున్నాడు. 2010లో బ్రౌన్లోకు గౌరవ ఆస్కార్ ఇచ్చారు. ఆ కథ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చివర చెబుతాను.

మరి మన తెలుగు సినిమాలకు ఇలాంటి డైజెస్టులు? నా పాతికేళ్ళ వేటలో ఒక్కటి కూడా చేతికి రాలేదు. 8 మిల్లీమీటర్ల ప్రొజెక్టర్ కొని ఇంట్లో పెట్టుకునే స్తోమత మనవైపు ఎందరికి ఉండేది? జొన్నలు పండితే తిన్నాం, లేకపోతే గుంటూరు వైపు వలస. అయితే సినిమాను ఇంటికి తెచ్చుకునే దారులు మనకూ ఉన్నాయి. హాలు దగ్గర అమ్మే పాటల పుస్తకం ఒకటి. అందులో ముందు పేజీలో కథ, "తరువాత ఏమైందో వెండితెరపై చూడండి" తరహాలో సగంలో ఆపేసేవాళ్ళు. రేడియోలో 'సంక్షిప్త శబ్దచిత్రం' ఇంకొకటి. మూడు గంటల సినిమాను గంటకు కుదించి మాటలు, పాటలు వినిపించేవాళ్ళు. మా అవ్వ ఎన్నో సినిమాలను అలా చెవులతోనే చూసింది. 1977 సంక్రాంతికి వచ్చిన 'దానవీరశూరకర్ణ'ను మన బ్యాచ్‌లో సగం మంది ముందు క్యాసెట్లోనే విన్నాం. కొండవీటి వెంకటకవి గారి మాటలు అర్థం తెలియకుండానే అప్పజెప్పేవాళ్ళం. తెలుగు సారు అడిగిన పద్యం రాని వాడు కూడా సుయోధనుడి మాటలు ఊపిరి తిప్పుకోకుండా చెప్పేవాడు. నా లెక్కలో ఇవన్నీ డైజెస్టులే. బొమ్మ ఒక్కటే లేదు.

ఆ బొమ్మే లేకుండా పోయింది చాలా సినిమాలకు. 1932 ఫిబ్రవరి 6న విడుదలైన 'భక్త ప్రహ్లాద' మన మొదటి పూర్తి తెలుగు టాకీ. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి, తీసింది బొంబాయిలో అర్దేషిర్ ఇరానీ కంపెనీ. ఇప్పుడు దాని ప్రింటు లేదు. అదే ఇరానీ అంతకు ముందేడు తీసిన 'ఆలం ఆరా' మన దేశంలో మొదటి టాకీ, దానిదీ లేదు. పుణెలో 1964లో మొదలైన జాతీయ ఫిల్ము ఆర్కైవును నిలబెట్టిన పి.కె. నాయర్ ఆ రీళ్ళ కోసం ఇరానీ ఇంటిదాకా వెళ్ళారు. ఫిల్ములో వెండి ఉంటుంది. ఆ వెండి తీసుకోవడం కోసం ఉన్న రీళ్ళను ఎప్పుడో ఇచ్చేశామని ఇరానీ కొడుకు చెప్పారని నాయర్ చెబుతుండేవారు. ఫ్రాన్సు వాళ్ళ మాదిరి ఎవరైనా 'ప్రహ్లాద'ను ఒక చిన్న రీలుకు కుదించి, వంద ఇళ్ళకు అమ్మి ఉంటే, ఆ వందలో ఒకటైనా ఏ అటక మీదో దొరికేది కదా అనిపిస్తుంది.

ఇక చివర చెబుతానన్నది. 1989లో నాకు మొదటి ఉద్యోగం వచ్చి ఊరు వదిలేటప్పుడు డేరా ఆపరేటరు తాతను చూడబోయాను. డేరా అప్పటికే ఎత్తేశారు. ఆయన గూట్లోంచి ఒక రేకు డబ్బా తీసి ఇచ్చాడు. "ఇన్నేండ్లు కత్తిరించినవి, మీకు ఇయ్యకుండా దాచినవి, అన్నీ అతికినా. ఎత్తకపో నాయనా, నాకాడుంటే ఎలకలు కొరుకుతాయి" అన్నాడు. ట్రైలర్ తునకలు, పాటల తునకలు, తెగిన చోట్ల ఫ్రేములు, అన్నీ కలిపి ఒక చుట్ట. చూడబోతే నాలుగు వందల అడుగులు ఉంటుంది. థియేటరు ఫిల్ము కాబట్టి నాలుగున్నర నిమిషాలు. ఇన్నేళ్ళ మన డేరా సినిమాలన్నిటికీ ఒకే డైజెస్టు, మన ఊరి ఆపరేటరు చేతి ఎడిటింగు.

నేనేం చేశాను? ట్రంకుపెట్టెలో పెట్టాను. ఆ పెట్టె మూడు అద్దె ఇళ్ళు మారి, చివరికి రేకుల షెడ్డులో మూలపడింది. ఇంగ్లండునుంచి తిరిగొచ్చి, పరాయి దేశపు దయ్యాల సినిమాలకు గాజు తలుపుల బీరువా చేయించాను. డబ్బా తెరవాలని తోచింది 2004లో. బ్రౌన్లో కథ చదివిన మర్నాడు.

మూత తియ్యగానే ముక్కు అదిరింది, ఊరగాయ పులిసినట్టు వెనిగర్ వాసన. ఫిల్ము అడుగున ఉండే ఎసిటేట్ వేడికి, తేమకు విరిగిపోయి ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. ఆ ఆమ్లమే మిగతా ఫిల్మును ఇంకా తొందరగా తింటుంది. మూసిన డబ్బాలో అయితే మరీ వేగం. మొదలైతే వెనక్కి తిప్పలేం. చల్లగా, పొడిగా ఉంచి నెమ్మది చెయ్యగలం అంతే. పదిహేనేళ్ళు రేకుల వేడిలో ఉంచి, నేనే దాన్ని ఉడకబెట్టాను. చుట్ట లోపలి భాగం బెల్లం అచ్చులా ఒకటే గడ్డ. పై పొరలు మాత్రం విడదీయగలిగాను, రోజుకు నాలుగైదు ఫ్రేములు, నెలన్నర పని. అలా 143 ఫ్రేములు దక్కాయి. రంగు ముక్కల్లో నీలం, పచ్చ ఎగిరిపోయి అంతా గులాబీ రంగే మిగిలింది. తాత అప్పటికి లేడు. ఏ ముక్క ఏ సినిమాదో అడగడానికి మనిషి లేడు.

స్కాన్ చేసిన ఆ ఫ్రేముల్లో తొంభై దాకా పోల్చుకున్నాను. మిగతావి తెలియడం లేదు. అందుకే ఇది రాయడం. ఉత్సవాల రెండో రోజు సాయంత్రం మన బడి గోడ మీద వాటిని ఒక్కొక్కటే వేస్తాను. ముందుగా నా పాత ప్రొజెక్టర్ మీద 'డ్రాక్యులా' డైజెస్టు, పిల్లలు గోల చేయకుండా. డెబ్బయ్యొకటో ఫ్రేములో పల్లకి పక్కన నిలబడ్డ ఆవిడ ఎవరో సీనియర్లు చెప్పాలి. ఇళ్ళల్లో పాటల పుస్తకాలు ఉంటే తీసుకురండి, పోల్చుకోవడానికి పనికొస్తాయి. అటక మీద డబ్బా దొరికితే మూత బలవంతంగా తీయొద్దు, ముందు నాకు ఫోన్ చెయ్యండి.

కుర్చీలు సార్లకూ మేడమ్‌లకూ. మిగతా మనకందరికీ నేల టికెట్టే.